సామాజిక సమస్యల మీద డాక్యుమెంటరీలు తీసే సొంత కంపెనీ పెడితే నెల గడుస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానల్‌లో ఆరేళ్లుగా ఎడిటర్‌గా ఉన్నారు. మీతో పాటు ఒక కెమెరామన్ మిత్రుడు, బాగా రాయగలిగిన ఒక మిత్రురాలు ఉన్నారు. ముగ్గురూ కలిసి సామాజిక సమస్యల మీద డాక్యుమెంటరీలు తీసే కంపెనీ పెట్టాలనుకుంటున్నారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ట్రస్టు పెట్టాలా కంపెనీ పెట్టాలా, సెన్సార్ తలనొప్పి ఎంత, తెలుగులో ఇవి ఎవరు చూస్తారు, ఉద్యోగం ఎప్పుడు మానేయాలి, ముందుగా ఏ కెమెరా కొనాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. నడుస్తుంది. కానీ మీరు తీయాలని కలగంటున్న సినిమా మాత్రం మీ ఆఫీసు అద్దె కట్టదు. అద్దె కట్టేది ఆర్డర్ పని, అంటే సంస్థల కోసం తీసిపెట్టే ఐదు, పది నిమిషాల ఫిల్ములు. సొంత సినిమా దాని పక్కనే రెండేళ్లో మూడేళ్లో మెల్లగా సాగుతుంది. ఈ రెండింటినీ డబ్బులో, కాగితాల్లో, ఫుటేజ్‌లో, జనానికి ఇచ్చిన మాటలో విడివిడిగా ఉంచగలిగితే కంపెనీ నిలబడుతుంది. నేను హైదరాబాద్‌లోనే పదిహేనేళ్లకు పైగా ఇలాంటి చిన్న కంపెనీ నడుపుతున్నాను. నాకు తెలిసి మూతపడ్డ కంపెనీల్లో ఎక్కువ శాతం చెడ్డ ఫిల్ములు తీసి మూతపడలేదు. ఈ రెండు పనుల్నీ కలగాపులగం చేసుకుని మూతపడ్డాయి.

ముందు డబ్బు సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి పని ఇచ్చేవాళ్లు స్వచ్ఛంద సంస్థలు, ఐక్యరాజ్యసమితి సంస్థల స్థానిక ఆఫీసులు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు, ప్రభుత్వ శాఖలు. స్వచ్ఛంద సంస్థలు తక్కువ ఇస్తాయి గానీ అక్కడ పనిచేసే ఫీల్డ్ వర్కర్లకు ఊళ్లో ప్రతి ఇల్లూ తెలుసు. ఆ పరిచయం విలువ బిల్లులో కనపడదు. సీఎస్ఆర్ వాళ్లు మెరుగ్గా ఇస్తారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ లెక్క మార్చి 31కి తేలాలి కాబట్టి జనవరి నుంచి ఫోన్లు మొదలవుతాయి, "సార్, పదిహేను రోజుల్లో ఫిల్మ్ కావాలి" అని. ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్ మోగదు. జులై దాకా జీతాలు ఎలా ఇస్తారో ముందే లెక్క వేసుకుని ఉంచుకోండి. ప్రభుత్వ పని గురించి ఒక్క మాటే చెప్తాను: బిల్లు పాసయ్యేదాకా ఆగే ఓపిక, అప్పు పుట్టే చోటు రెండూ ఉంటేనే తీసుకోండి.

కొటేషన్ రాసేటప్పుడు మేం పాటించే పద్ధతి చెప్తాను. సంతకం రోజున 40 శాతం, రఫ్ కట్ (మొదటి కూర్పు) చూపించాక 30, ఫైనల్ ఫైల్ ఇచ్చేముందు 30. "ఇచ్చాక" కాదు, "ఇచ్చేముందు". అప్పటిదాకా వాళ్లకు వెళ్లేది వాటర్‌మార్క్ వేసిన కాపీయే. సవరణలు రెండు విడతలు మాత్రమే, మూడో విడత నుంచి రోజుకింత అని ఛార్జీ. ఇది రాసుకోకపోతే ఏమవుతుందో మీరు ఎడిటర్ కాబట్టి ఊహించగలరు. డైరెక్టర్ గారు ఓకే అన్నాక ట్రస్టీ గారు చూస్తారు, ట్రస్టీ గారి తర్వాత ఢిల్లీ ఆఫీసు చూస్తుంది, చివరికి ఎవరో ఒకరు "మ్యూజిక్ కొంచెం పాజిటివ్‌గా ఉంటే బాగుండేది" అంటారు.

జీఎస్టీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, మన పని మీద పన్ను 18 శాతం. ట్యాక్స్ ఇన్వాయిస్ ఇచ్చారంటే అవతలివాళ్లు డబ్బు వేసినా వేయకపోయినా పన్ను మాత్రం మీరు కట్టాలి. కాబట్టి ముందు ప్రొఫార్మా (పన్ను లెక్కలోకి రాని అంచనా బిల్లు) పంపి, వాళ్ల అకౌంట్స్ విభాగం సరే అన్నాక ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వండి. కొత్త కంపెనీలకు మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే.

ట్రస్టా, కంపెనీయా అన్నదానికి: మీ ముగ్గురికీ పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ, అంటే ఎల్ఎల్‌పీ సరిపోతుంది. పని పెరిగితే ప్రైవేట్ లిమిటెడ్‌కి మారొచ్చు. చాలామంది "మనం చేసేది సమాజం కోసం కదా, ట్రస్టు పెడదాం" అంటారు. ట్రస్టులో లాభం పంచుకోకూడదు, ఆదాయం ఎలా ఖర్చు పెట్టాలో నిబంధనలుంటాయి, ఒకరు బయటికి వెళ్లాలంటే వాటా లెక్క తేల్చే దారి ఉండదు. మీకు వచ్చేది విరాళం కాదు, పని చేసి పుచ్చుకునే డబ్బు. దానికి మామూలు వ్యాపార సంస్థే సరైన రూపం. ఎల్ఎల్‌పీలో ఇంకో వెసులుబాటు ఏంటంటే, ఏడాది టర్నోవర్ 40 లక్షలు, భాగస్వాములు పెట్టిన మూలధనం 25 లక్షలు దాటనంత వరకు ఎల్ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ తప్పనిసరి కాదు. మొదటి రెండేళ్లు ఆ ఖర్చు మిగులుతుంది. తర్వాతెప్పుడో శిక్షణ తరగతులు, ఊళ్లలో ప్రదర్శనలు పెట్టాలనిపిస్తే అప్పుడు వాటికోసం వేరే ట్రస్టు పెట్టుకోండి.

ముగ్గురు స్నేహితులు కదా, ఇబ్బందిగా అనిపించినా ఒక కాగితం మాత్రం ఇప్పుడే రాసుకోండి. సగం తీసిన సినిమా వదిలి ఒకరు వెళ్లిపోతే ఆ ఫుటేజ్ ఎవరిది, పేరు ఎక్కడ పడుతుంది, తర్వాత డబ్బు వస్తే వాటా ఎంత. పెళ్లి, పిల్లలు, అమెరికా, ఓటీటీలో ఉద్యోగం, ఏదో ఒకటి వస్తుంది. అది వచ్చాక రాసుకుందామంటే స్నేహం కూడా మిగలదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం: హక్కులు. దీని గురించి మీరు అడగలేదు, కానీ మిగతా అన్ని ప్రశ్నల కన్నా ఇదే ముఖ్యం. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి సినిమా తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంత వరకు దానికి మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చినవాళ్లే. అంటే ఏమీ రాసుకోకుండా ఒక సంస్థకు ఫిల్మ్ తీసిపెట్టి, అదే ఊళ్లో, అదే కుటుంబంతో తీసిన దృశ్యాలను మీ సొంత సినిమాలో వాడితే రేపు వాళ్లు ఆపగలరు. అందుకని మా ఒప్పందంలో మూడు విషయాలు విడివిడిగా ఉంటాయి. పూర్తయిన ఫిల్మ్ మీద వాళ్ల హక్కు ఏంటి, రషెస్ (ఎడిట్ చేయని ముడి ఫుటేజ్) ఎవరి దగ్గర ఉంటాయి, మేం వాటిని వేరే చోట వాడాలంటే ఎవరి అనుమతి కావాలి. పెద్ద సంస్థలు రషెస్ కూడా మావే అంటాయి. అప్పుడు వాదించను. రేటు పెంచుతాను, ఆ ఊళ్లో సొంత సినిమా కోసం వేరే రోజున, వేరే ఖర్చుతో మళ్లీ తీస్తాను. మీరు హక్కులు అమ్మే వైపు ఉన్నప్పుడు అదే చట్టంలోని 19వ సెక్షన్ గుర్తుంచుకోండి. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని అర్థం. ఛానల్ వాళ్లు పంపే ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న ఇకముందు వచ్చే అన్ని మాధ్యమాల్లో" అని ఉంటుంది చూడండి, అది ఊరికే రాసింది కాదు.

సొంత సినిమాకు డబ్బు దొరికే దారులు వేరు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి సంస్థల గ్రాంట్లు ఉన్నాయి. కోల్‌కతాలో 2004 నుంచి డాక్‌ఎడ్జ్ అనే పిచింగ్ వేదిక నడుస్తోంది. అక్కడ మీ సినిమా గురించి దేశవిదేశాల కమిషనింగ్ ఎడిటర్ల (ఛానళ్ల తరఫున సినిమాలు ఎంచుకునేవాళ్ల) ముందు చెప్పుకోవచ్చు. డబ్బు రాకపోయినా వాళ్లు వేసే ప్రశ్నలు వినడానికైనా వెళ్లాలని నా సలహా. విదేశాల్లో ఆమ్‌స్టర్‌డామ్ ఇడ్ఫా ఉత్సవం నడిపే బెర్తా ఫండ్, అమెరికా సన్‌డాన్స్ సంస్థ డాక్యుమెంటరీ ఫండ్ లాంటివి ఉన్నాయి. ఢిల్లీలో 2000లో మొదలైన పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్, దూరదర్శన్‌తో కలిసి మా తరంలో చాలామందికి మొదటి సినిమా అవకాశం ఇచ్చింది. ఇప్పుడు ఆ స్థాయిలో కమిషన్లు లేవు. 1948లో పెట్టిన ప్రభుత్వ డాక్యుమెంటరీ విభాగం ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్ఎఫ్‌డీసీలో కలిసిపోయింది.

విదేశీ డబ్బు అనగానే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ గుర్తు రావాలి. 2010 చట్టంలో చాలామంది చదవని మూడో సెక్షన్ ఒకటుంది. న్యూస్, వర్తమాన వ్యవహారాల ఆడియో, వీడియో కార్యక్రమాలు తయారుచేసే కంపెనీలు విదేశీ విరాళం తీసుకోకూడదు. మీ సినిమా దాని కిందికి వస్తుందా రాదా అన్నది వాదనకు దొరికే విషయం. మీరు న్యూస్ ఛానల్ నుంచి వస్తున్నారు కాబట్టి, పక్కన ఖర్చులకు పనికొస్తుందని ఈ కంపెనీ పేరు మీదే రాజకీయ వార్తల యూట్యూబ్ ఛానల్ పెడదాం అనుకుంటే మాత్రం ఆ వాదనలో మీ వైపు బలం తగ్గిపోతుంది. సరుకుకో సేవకో వ్యాపార పద్ధతిలో పుచ్చుకునే ధర విరాళం కాదు, ప్రసార హక్కులు అమ్మగా వచ్చింది వేరు, గ్రాంటు వేరు. ఈ తేడా కాగితం మీద స్పష్టంగా ఉండాలి. ఇంకోటి, 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉన్న స్వచ్ఛంద సంస్థ విదేశీ డబ్బును ఇంకో సంస్థకు విరాళంగా బదిలీ చేయకూడదు. కాబట్టి అలాంటి సంస్థ మీతో ఫిల్మ్ తీయించుకుంటే అది సేవా ఒప్పందంగా, జీఎస్టీ ఇన్వాయిస్ మీద మాత్రమే జరగాలి. "మా ప్రాజెక్టులో పార్ట్‌నర్‌గా చూపిస్తాం" అంటే మర్యాదగా వద్దనండి. ఈ విషయంలో సీఏ, లాయర్ ఇద్దరూ చూడకుండా నేను ఒక్క సంతకం కూడా పెట్టను.

సబ్జెక్టు ఎంచుకోవడం గురించి మీరు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బు), ఉద్దానం కిడ్నీ జబ్బు రెండూ రాశారు. రెండు చోట్లా పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కెమెరా చూస్తే జనం అలసిపోయిన మొహం పెడతారు. రాని ఛానల్ లేదు, రాని నాయకుడు లేడు. అక్కడ మాకు ఒక సంస్థ ఆర్డర్ ఇచ్చింది. నీళ్ల వల్లే కిడ్నీలు పోతున్నాయని ఫిల్మ్ మొదటి నిమిషంలోనే చెప్పాలన్నారు. నిజానికి ఆ జబ్బుకు కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, అన్నీ అనుమానాల జాబితాలో ఉన్నవే. హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చే పథకానికి 700 కోట్లు పెట్టారు, పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. ఇవన్నీ చూపించొచ్చు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల బస్సు ప్రయాణం చూపించొచ్చు, కారణం తేలకపోవడం ఒక కుటుంబాన్ని ఎంత కలవరపెడుతుందో చూపించొచ్చు. "నీళ్లే" అని మాత్రం చెప్పలేం. ఆ సంస్థతో చాలా ఉత్తరాలు నడిచాక "కారణం ఇంకా తేలలేదు" అన్న వాక్యం ఫిల్మ్‌లో ఉండిపోయింది. ఆ తర్వాత వాళ్లు మాకు మళ్లీ పని ఇవ్వలేదు. దీని నుంచి మీరు తీసుకోవాల్సింది: ఒప్పందంలోనే "వాస్తవాల విషయంలో తుది నిర్ణయం నిర్మాణ సంస్థది" అన్న క్లాజు పెట్టండి. సందేశం వాళ్లది, వాస్తవం మీ పూచీ. ఆ క్లాజుకు ఒప్పుకోని వాళ్లతో ముందే తెగతెంపులైతే రెండు పక్కలా మంచిదే.

నల్లగొండ ఫ్లోరోసిస్ కథ వేరు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వంగిపోయిన కాళ్లు, నడుముల ఫోటోలు దశాబ్దాలుగా పత్రికల్లో, పార్టీల పోస్టర్లలో వాడేశారు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాక పరిస్థితి మారింది. కొత్త నీళ్లు వచ్చాయని పాత ఎముకలు తిన్నబడవు కదా. వయసు మళ్లుతున్న బాధితులకు ఇప్పుడు కావాల్సింది పింఛను, ఇంట్లో చూసుకునే మనిషి, బాత్రూమ్‌కి పట్టుకునే కమ్మీ. కొత్తగా తీసేవాళ్లు అక్కడికి వెళ్లి మళ్లీ ఆ పాత ఫోటోనే తీసుకొస్తారు. మీరు వెళ్తే ఈ వైపు నుంచి చూడండి. నా అభిప్రాయంలో మొదటి సినిమాకు పేరుమోసిన సమస్య కన్నా, మీరు వారానికోసారి వెళ్లిరాగల దూరంలో ఉన్న సమస్య మేలు. మీలో ఒకరిది మహబూబ్‌నగర్ వైపు అని రాశారు. వలస కూలీల పిల్లల చదువు గురించి మీకు తెలిసింది హైదరాబాద్‌లో పుట్టినవాడికి తెలియదు.

అనుమతి పత్రం గురించి. సంస్థ ఫిల్మ్ కోసం ఒక మహిళ వేలిముద్ర వేసిందంటే ఆ ఫిల్మ్‌కే ఒప్పుకుంది. మీ సినిమాకు కాదు, ఫెస్టివల్‌కి కాదు, యూట్యూబ్‌కి అసలే కాదు. ప్రతి వాడకానికీ విడిగా అడగాలి. మా ఫారం తెలుగులో ఒక పేజీ ఉంటుంది. కెమెరా ఆన్ చేసి, దాన్ని గట్టిగా చదివి వినిపించి, వాళ్ల మాటల్లో వాళ్లు ఒప్పుకోవడం రికార్డు చేస్తాం. పిక్చర్ లాక్ అయ్యేదాకా, అంటే ఎడిటింగ్ ఖరారయ్యేదాకా, ఎప్పుడైనా వద్దనొచ్చని చెప్తాం, లాక్‌కు ముందు వాళ్ల భాగం వాళ్లకు చూపిస్తాం. అలా చూపిస్తే సినిమా పాడవుతుందని వాదించే దర్శకులున్నారు. బుందేల్‌ఖండ్ మహిళా జర్నలిస్టుల మీద తీసిన డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. సరిగ్గా ఆ సమయానికి ఆ జర్నలిస్టుల పత్రిక ఖబర్ లహరియా వాళ్లు, మా పనిలో ఒక ముక్కనే మొత్తంగా చూపించారని బహిరంగంగా ప్రకటన ఇచ్చారు. ఎవరిది ఒప్పు అన్న చర్చ పక్కన పెడితే, ఆ అభిప్రాయ భేదం ఎడిట్ రూమ్‌లో తెలిసి ఉంటే రెండు పక్షాలకూ మంచిదయ్యేదని నేను అనుకుంటాను.

చట్టం అసలు ఒప్పుకోని విషయాలూ ఉన్నాయి. లైంగిక నేరానికి గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెప్తుంది. అత్యాచార బాధితుల విషయంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. మొహం బ్లర్ చేశాం కదా అంటే చాలదు. జోగిని వ్యవస్థ మీద పనిచేసినప్పుడు చూశాను, ఊరివాళ్లు గొంతు విని, వెనకాల గోడ రంగు చూసి, చేతి పచ్చబొట్టు చూసి మనిషిని గుర్తుపట్టేస్తారు. 1988లోనే నిషేధ చట్టం వచ్చినా ఆ పేరు ఊళ్లో పోదు, ఆమె కూతురి పెళ్లి సంబంధం దగ్గర మళ్లీ లేస్తుంది. అలాంటి చోట మేం మాట మాత్రమే తీసుకుని, ఇంకొకరి గొంతుతో చదివించి, దృశ్యం వేరే ఊళ్లో తీస్తాం. అలా చేశామని తెర మీద రాస్తాం.

గల్ఫ్ వలసల మీద తీసేటప్పుడు ఇంకో చిక్కు. జగిత్యాల, కామారెడ్డి వైపు ఇళ్లలో భార్య సంతోషంగా ఒప్పుకుంటుంది, భర్త పంపిన వాయిస్ మెసేజులు వినిపిస్తుంది. యజమానిని తిట్టిన ఆ మెసేజ్ సినిమాలో పడితే ఇబ్బంది పడేది కువైట్‌లో ఉన్న మనిషి. ఆమె ఒప్పుకోలు అతనికి వర్తించదు. అతను తిరిగొచ్చేదాకా ఆ ముక్క మా డిస్కులోనే ఉంటుంది.

డబ్బు ఇవ్వాలా వద్దా అని అందరూ అడుగుతారు. ఇంటర్వ్యూకు రేటు కట్టి ఇవ్వం. కానీ కూలికి వెళ్లే మనిషిని పొద్దంతా కూర్చోబెట్టుకుంటే ఆ రోజు కూలి, భోజనం, ఛార్జీలు ఇవ్వాల్సిందే. దాన్ని బడ్జెట్‌లో "కూలి నష్టం" అని ఒక పద్దుగా పెడతాం. సంస్థలవాళ్లు మొదట నొసలు చిట్లిస్తారు, తర్వాత అలవాటు పడతారు.

సాంకేతిక విషయాలు మీకు చెప్పేంత వాడిని కాదు గానీ, న్యూస్ నుంచి వచ్చేవాళ్లలో నేను చూసిన అలవాట్లు చెప్తాను. మైకు మొహం ముందు పెట్టి బైట్ తీసుకునే అలవాటు ఒకటి. ప్రశ్న అడిగి, జవాబు రాగానే కట్ చెప్పే అలవాటు ఇంకొకటి. అసలు మాట తరచుగా జవాబు అయిపోయాక, మనం లేచి వెళ్తామేమో అని వాళ్లు అనుకునేటప్పుడు వస్తుంది. ఇక సౌండ్. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్‌లో ఇంటర్వ్యూ పెట్టారనుకోండి, ఏ మైకూ మిమ్మల్ని కాపాడదు. మగ్గాల చప్పుడు విడిగా రికార్డ్ చేసుకుని, మాట మాత్రం కరెంటు పోయినప్పుడో సెలవు రోజునో తీసుకోండి. డబ్బిచ్చి మంచి సౌండ్ రికార్డిస్టును తెచ్చుకోవడానికి కెమెరా అద్దెలో కోత పెట్టినా నష్టం లేదు.

కెమెరా ఎత్తు విషయంలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల పని చూడండి. దూరదర్శన్‌లో చాలాకాలం పనిచేసిన పి.వి. సతీష్ గారు మరికొందరితో కలిసి పెట్టిన సంస్థ అది. చదువు రాని దళిత మహిళా రైతులు అక్కడ కెమెరా, ఎడిటింగ్ నేర్చుకుని వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టాల మీద ఏళ్ల తరబడి తీశారు. మనిషి కంటికి సమానమైన ఎత్తులో పెట్టే షాట్‌ను వాళ్లు సంఘం షాట్ అంటారు. గుడిసె ముందు నేల మీద కూర్చున్న మనిషిని మనం నిలబడి, పై నుంచి తీస్తే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఫుటేజ్ లెక్క కూడా ముందే వేసుకోండి. 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు సుమారు 45 జీబీ. రెండేళ్ల సినిమాకు 60 గంటలు తేలిగ్గా అవుతాయి, అంటే 2.7 టీబీ. మూడు కాపీలంటే 8 టీబీ పైనే. ఒక కాపీ ఆఫీసులో, ఒకటి ఎడిట్ డిస్కులో, మూడోది వేరే ఇంట్లో. ఆర్డర్ పని డిస్కులో సొంత సినిమా ఫుటేజ్ వేయకండి. క్లయింటు డిస్కు అడిగిన రోజున ఏది ఎవరిదో వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

సెన్సార్ గురించి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా ప్రదర్శించే సినిమాకు, అది డాక్యుమెంటరీ అయినా సరే, సర్టిఫికెట్ కావాలి. సెన్సార్ బోర్డు, అంటే సీబీఎఫ్‌సీ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో. 2023 సవరణతో, పిల్లలు పెద్దల తోడుతో చూడొచ్చనే యూఏలో 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లు వచ్చాయి. మీకు అభ్యంతరం ఉంటే ఇదివరకు ఢిల్లీలో అప్పీల్ ట్రిబ్యునల్ ఉండేది. దాన్ని 2021లో రద్దు చేశారు కాబట్టి ఇప్పుడు నేరుగా హైకోర్టే. చిన్న కంపెనీకి అది ఖర్చుతో కూడిన దారి. ఫిల్మ్ ఫెస్టివళ్లకు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు దొరుకుతుంది. సర్టిఫికెట్ లేని సినిమాలు తీసుకోబోమని ముంబై డాక్యుమెంటరీ ఉత్సవం పెట్టిన షరతుకు నిరసనగానే 2004లో స్వతంత్ర దర్శకులు వికల్ప్ పేరుతో ఏకమయ్యారు. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనలు వేరే ఉన్నాయి, అక్కడ సీబీఎఫ్‌సీ సర్టిఫికెట్ అక్కర్లేదు. నా పద్ధతి: ఆర్డర్ ఫిల్ములకు సర్టిఫికెట్ బాధ్యత క్లయింటుదని రాస్తాను. సొంత సినిమాకు ఫెస్టివళ్లు అయ్యాక, టీవీలోనో థియేటర్‌లోనో వేసే అవకాశం నిజంగా కనపడినప్పుడే దరఖాస్తు చేస్తాను.

తెలుగులో ఎవరు చూస్తారంటే, టికెట్ కొని చూసేవాళ్లు తక్కువ. ఈ మాట దాచి లాభం లేదు. తిరువనంతపురంలో 2008 నుంచి జరుగుతున్న డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఉత్సవంలో హాలు నిండి మెట్ల మీద కూర్చుని చూస్తారు. మనకు అలాంటి అలవాటు ఇంకా పడలేదు. హైదరాబాద్‌లో లామకాన్, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రవీంద్రభారతి ప్రివ్యూ థియేటర్ లాంటి చోట్ల ప్రదర్శనలు పెట్టొచ్చు. వచ్చేది ఎక్కువగా మనకు తెలిసిన మొహాలే. జనం ఎక్కువగా చూసింది నా అనుభవంలో తీసిన ఊళ్లోనే, స్కూలు గోడ మీద. ఉపాధ్యాయ సంఘాలు, మహిళా సంఘాలు, కాలేజీల సోషల్ వర్క్ విభాగాలు అడిగి మరీ వేయించుకుంటాయి. దాన్నుంచి పెద్దగా డబ్బు రాదు, కానీ తర్వాతి పని ఎక్కువగా అక్కడ చూసినవాళ్ల నుంచే వస్తుంది. ఒక్క మనవి, పాలమూరు మనిషి మాటకు పుస్తక భాషలో వాయిస్ ఓవర్ పెట్టి కప్పేయకండి. కోస్తావాళ్లకు అర్థం కాదనుకుంటే కింద అక్షరాలు వేయండి, అదీ అతను మాట్లాడినట్టే.

ఉద్యోగం ఎప్పుడు మానేయాలంటే, రెండు ఆర్డర్లకు సంతకాలై, వాటి అడ్వాన్సులు ఖాతాలో పడ్డాక. ముగ్గురూ ఒకేసారి మానేయొద్దు. ముందు రాసే ఆవిడ బయటికి రావాలి. ప్రతిపాదనలు, బడ్జెట్లు, గ్రాంటు దరఖాస్తులు రాసేది ఆవిడే కాబట్టి మొదటి ఏడాది కంపెనీకి పని తెచ్చేది ఆవిడే. తర్వాత కెమెరామన్. ఎడిటర్‌గా మీరు చివర్న రండి, మీ జీతం అందాకా ముగ్గురికీ ఆసరా. అయితే మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని చేయకూడదన్న నిబంధన ఉందేమో ముందు చూసుకోండి, న్యూస్ ఛానళ్లలో మామూలుగా ఉంటుంది.

కెమెరా కొనొద్దు. కృష్ణానగర్‌లో రోజు అద్దెకు ఏది కావాలంటే అది దొరుకుతుంది, ఏ క్లయింటు ఏ ఫార్మాట్ అడుగుతాడో మీకు ఇంకా తెలియదు. ఆ డబ్బుతో రెండు మంచి వైర్‌లెస్ ల్యాపెల్స్ (చొక్కాకు తగిలించే మైకులు), ఒక రికార్డర్, హార్డ్ డిస్కులు కొనండి. మిగిలింది ఏప్రిల్, మే, జూన్ జీతాలకు పక్కన పెట్టండి. ఒప్పందం నమూనా, తెలుగు అనుమతి పత్రం నమూనా కావాలంటే మెసేజ్ పెట్టండి, మేం వాడేవి పంపుతాను. మీ లాయర్‌కు చూపించి మీకు తగ్గట్టు మార్చుకోండి.